కుతుబ్ మినార్ దగ్గర 'మనం'

ఈ దేశంలో ముస్లిం ఒక మామూలు టూరిస్టు కావడం అంత తేలిక కాదు. పాత కట్టడం ముందు నిలబడగానే అతని కోసం రెండు పాత్రలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి వారసుడి పాత్ర. 'ఇవన్నీ మీవాళ్ళు కట్టినవే కదా' అని మెచ్చుకునేవాళ్ళు ఇచ్చేది. రెండోది ముద్దాయి పాత్ర. 'ఇవన్నీ మీవాళ్ళు కూలగొట్టి కట్టినవే కదా' అని నిలదీసేవాళ్ళు ఇచ్చేది. రెండు మాటల్లోనూ 'మీవాళ్ళు' అలాగే ఉంటుంది. మెచ్చుకున్నా నిలదీసినా మనిషిని గుంపులోంచి పక్కకు జరిపి నిలబెట్టడంలో తేడా లేదు. మూడో పాత్ర ఇంకొకటుంది. టికెట్ కొని, నీడ చూసుకుని కూర్చుని, పిల్లలకు ఐస్‌క్రీం కొనిపెట్టి, నాలుగు ఫొటోలు తీసుకుని ఇంటికి పోయే పాత్ర. తక్కినవాళ్ళకు అడక్కుండానే దొరికే ఆ పాత్ర మాకు అడిగినా దొరకడం కష్టంగా ఉంది. అది దొరకాలంటే మేమేం వదులుకోవాలి, మీరేం వదులుకోవాలి అన్నదే నా ప్రశ్న.

పోయిన దసరా సెలవుల్లో మేం ఐదుగురం ఢిల్లీ చూడ్డానికి పోయాం. అమ్మీ, నేను, నా భార్య, పదో తరగతి చదివే కూతురు, ఆరో తరగతి కొడుకు. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. దారిలో తినడానికి పూరీలు, ఆలుగడ్డ కూర, చింతకాయ తొక్కు కట్టుకున్నాం. ఖీమా చేస్తానని అమ్మీ అంటే, 'రైల్లో నక్కో అమ్మీ' అంది నా భార్య. ఎందుకని ఎవరూ అడగలేదు. ఈ రోజుల్లో మా ఇళ్ళల్లో కొన్ని ప్రశ్నలు అడగాల్సిన అవసరం ఉండదు.

ఢిల్లీలో దిగాక ఇంకో సంగతి అర్థమైంది. అక్కడ మేం ముస్లింలం కావడానికి ముందు మద్రాసీలం. జామా మసీదు ఎదుట మటియా మహల్ బజారులో రొట్టెలమ్మే ఆయన అమ్మీ మాట్లాడే దక్కనీ విని నవ్వాడు. 'హౌ', 'నక్కో', 'కైకూ' అని అమ్మీ అంటుంటే మళ్ళీ మళ్ళీ అనిపించుకున్నాడు. ఏ ఊరని అడిగాడు. వరంగల్ అంటే తెలియలేదు. హైదరాబాద్ అంటే, 'అచ్ఛా, మద్రాసు వైపా' అన్నాడు. వరంగల్లో మేం తురకోళ్ళం. ఢిల్లీ తురకల మధ్య మేం తెలుగోళ్ళం. అందరం నవ్వుకున్నాం. మతం ఒకటైతే మనుషులంతా ఒకటే అనుకునేవాళ్ళు, మా మతంలోనూ బయటా కూడా, ఆ రొట్టెల దుకాణం ముందు కాసేపు నిలబడితే బాగుండును.

మరునాడు కుతుబ్ మినార్‌కు పోయాం. దాదాపు 73 మీటర్ల ఆ మినార్‌ని చూసి చూసి మెడలు నొప్పి పుట్టాక పక్కనే ఉన్న కువ్వతుల్ ఇస్లాం మసీదులోకి నడిచాం. 12వ శతాబ్దం చివర కుతుబుద్దీన్ ఐబక్ కాలంలో మొదలైన మసీదు అది. ఇరవై ఏడు గుళ్ళ సామగ్రి దీనికి వాడామని దాని తూర్పు ద్వారం మీది ఫార్సీ శాసనమే చెబుతుంది. లోపలి స్తంభాల మీద గొలుసులకు వేలాడే గంటలు చెక్కి ఉన్నాయి. కొన్ని బొమ్మల ముఖాలు చెక్కేసి ఉన్నాయి. ఒక గైడు తన వెంట వచ్చిన గుంపుకు హిందీలో చెబుతున్నాడు: 'వాళ్ళు మనవి కూలగొట్టి ఇది కట్టుకున్నారు.' నా కూతురు విన్నది. నా వైపు తిరిగి తెలుగులోనే, కాస్త గట్టిగానే అడిగింది.

'అబ్బా, వాళ్ళు అంటే మనమేనా?'

ఆ గుంపుకు తెలుగు రాదు. ఆ ప్రశ్నలో వాళ్ళకు తెలిసిన మాట ఒక్కటే, 'అబ్బా'. నాలుగైదు తలలు మా వైపు తిరిగాయి. కోపంగా కాదు. అప్పటిదాకా విన్న కథలోని మనుషులు ఎదురుగా కనబడితే ఎలా చూస్తారో అలా చూశారు. 'ముందు ఆ బోర్డు మీద ఏముందో చదువు బేటా. రాత్రికి మాట్లాడుకుందాం' అన్నాను. చదివింది.

ఈ ప్రశ్నకు మా ఇళ్ళల్లో రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. 'అట్లాంటిదేం జరగలేదు, అంతా కట్టుకథ' అనేది మొదటిది. ఆ శాసనం ముందు నిలబడి ఈ మాట చెప్పడం కుదరదు. చేసినవాళ్ళే గొప్పగా రాయించుకున్న సంగతిని మనం లేదని ఎట్లా అంటాం? 'అప్పట్లో రాజులందరూ అదే చేశారు' అనేది రెండోది. ఇందులో నిజముంది. గెలిచిన రాజు ఓడినవాడి గుడిని దోచుకోవడం, విగ్రహాన్ని ఎత్తుకుపోవడం ఈ నేల మీద సుల్తానులతో మొదలైన పని కాదు. కానీ పదిహేనేళ్ళ పిల్ల అడిగింది 'అందరూ చేశారా' అని కాదు, 'మనం చేశామా' అని. ఆ 'మనం' సంగతి తేల్చకుండా ఏ జవాబు చెప్పినా అది తప్పించుకోవడమే అవుతుంది.

లెక్క సూటిగా ఉండాలి. తాజ్‌మహల్ ముందు 'మనవాళ్ళు కట్టారు' అని ఛాతీ విరుచుకునేవాడు, కువ్వతుల్ ఇస్లాం ముందు 'మనవాళ్ళు కూల్చారు' అని తల దించుకోవాల్సిందే. జమ నాది, బాకీ ఎవరిదో నాకు తెలీదు అంటే ఏ షావుకారూ ఒప్పుకోడు. 'ఎనిమిది వందల ఏళ్ళు ఏలినోళ్ళం' అనే మాట మా గల్లీల్లో ఇప్పటికీ వినబడుతుంది. పంక్చర్లు వేస్తూ, బండి మీద పండ్లు అమ్ముతూ, వెల్డింగు చేస్తూ అనే మాట అది. ఎవరు ఏలారు? మా తాత హనుమకొండలో జట్కా తోలాడు. ఆయన తండ్రి గురించి మాకు పేరు తప్ప ఇంకేం తెలీదు. 1648లో ఎర్రకోట పని పూర్తయి షాజహాన్ అక్కడ కొలువుదీరినప్పుడు మా పెద్దలు ఏ ఊళ్ళో, ఏ పొలంలో, ఏ మతంలో ఉన్నారో కూడా చెప్పలేం. దూదేకినవాళ్ళు, తోళ్ళు శుభ్రం చేసినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు ఏ సింహాసనానికి వారసులు? ఏలుబడి సుఖం ఒక్కరోజు కూడా ఎరగని జనం, ఏలామని చెప్పుకుని ఆ ఏలుబడి బాకీలన్నీ నెత్తికెత్తుకుంటున్నారు. ఆ గొప్పను ముందు వదులుకోవాల్సింది మేమే. ఎవరి మెప్పు కోసమో కాదు, అది అబద్ధం కనుక.

గొప్ప వదులుకున్నవాడికి సిగ్గును వదులుకునే హక్కు కూడా వస్తుంది. పేరు కలిసినంత మాత్రాన పాపం సంక్రమించదు. ఒక మనిషి చేసిన పనికి ఆ మనిషిని అడగాలి. అతనికి పని చెప్పినవాళ్ళనీ, ఆపగలిగి ఆపనివాళ్ళనీ, దానివల్ల ఈనాటికీ లాభపడుతున్నవాళ్ళనీ అడగాలి. ఎనిమిది వందల ఏళ్ళ కింద పోయినవాడి పనికి పదో తరగతి పిల్లను అడగడం న్యాయం కాదు.

అసలు ఆ పిల్ల ఓరుగల్లు పిల్ల. కోటలో పడిపోయిన స్వయంభూ శివాలయాన్ని, దాని చుట్టూ నిలిచిన నాలుగు తోరణాలను స్కూలు పిల్లలతో ఎన్నోసార్లు చూసింది. 1310లో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడికి ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత సుల్తానైన ముహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు దారిలోనే ప్రాణం విడిచాడు. ఆ రోజు మా పెద్దలు కోటగోడకు ఏ వైపున ఉన్నారు? చెప్పగలిగినవాడు ఎవరూ లేరు. గోడ లోపలే, దోపిడీకి గురైనవాళ్ళలోనే ఉండి ఉండటానికి ఎక్కువ వీలుంది. అప్పుడు గైడు చెప్పిన 'వాళ్ళు', 'మనం' ఏమైపోతాయి? ఢిల్లీ ఫౌజు ఓరుగల్లు మీదికి వచ్చిన కథలో నా కూతురిది ఏ పక్షం?

ఈ చిక్కుముడి ఢిల్లీ రాళ్ళలోనే ఇంకా గట్టిగా పడి ఉంది. అమ్మీ జియారత్ చేసుకుంటానంటే నిజాముద్దీన్ ఔలియా దర్గాకు పోయాం. ఆయన పాదాల వైపున అమీర్ ఖుస్రో సమాధి ఉంది. అమ్మీ అక్కడా పూలు పెట్టింది. మాలిక్ కాఫూర్ ఓరుగల్లు ముట్టడిని తన 'ఖజాయినుల్ ఫుతూహ్'లో మెచ్చుకుంటూ వర్ణించినవాడు ఆ ఖుస్రోనే. తన ఊరు ఓడిన కథను సంబరంగా రాసినవాడి సమాధి మీద ఓరుగల్లు ముసలమ్మ పూలు పెట్టింది. అది ద్రోహమా? అమ్మీకి ఖుస్రో అంటే ముట్టడి కాదు, ఖవ్వాలీ. మనుషులు గతం మొత్తాన్ని మోయరు, తమకు పనికొచ్చే ప్రేమను తీసుకుంటారు. కానీ తక్కిన సంగతి తెలిసి తీసుకుంటే ఆ ప్రేమ ఇంకా నికార్సుగా ఉంటుంది. రాత్రి అమ్మీకి చెప్పాను. కాసేపు ఊరుకుని, 'రాజు కాడ జీతం తీసుకున్నోడు ఇంకేం రాస్తడు' అంది.

ఆ దర్గాకు దగ్గర్లోనే, ఇళ్ళ మధ్య ఇరుక్కుని, ఎనిమిది పలకల సమాధి ఒకటుంది. టూరిస్టు బస్సులు అక్కడ ఆగవు. అది ఫిరోజ్ షా తుగ్లక్ వజీరు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీది. తిలంగానీ అంటే తెలంగాణవాడు. ముందు హిందువని, తెలంగాణ నుంచి వచ్చినవాడని, చదవడం రాయడం రాకపోయినా బహు తెలివైనవాడని అతని గురించి అఫీఫ్ అనే ఆనాటి చరిత్రకారుడు రాశాడు. కాకతీయుల కొలువులోని గన్నమ నాయకుడే ఇతనని చరిత్రకారులు చెబుతారు. ఓరుగల్లును గెలుచుకున్న ఢిల్లీని ఓరుగల్లు మనిషే వజీరై నడిపాడు. కుతుబ్ మినార్ మీద పిడుగు పడితే పై అంతస్తులు మళ్ళీ కట్టించింది ఆ ఫిరోజ్ షానే. 1369 నాటి ఆ మరమ్మతు గురించి మినార్ మీద నాగరి లిపిలో రాసి ఉంది. విశ్వకర్మ అనుగ్రహంతో పని అయిందని చెక్కుకున్నారు ఆ పనివాళ్ళు. సుల్తాను పేరుతో లేచిన మినార్‌ని వాళ్ళు తమ దేవుడి పేరు తలుచుకుని నిలబెట్టారు.

ఇక్కడ నా లౌకికవాద మిత్రులు సంతోషపడతారు. 'చూశారా, ఇదే కదా మన గంగా-జమునా తెహజీబ్!' అంటారు. వాళ్ళ మనసు మంచిదని నాకు తెలుసు. అయినా ఒక మాట చెప్పాలి. మిశ్రమ సంస్కృతికి రుజువులు వెతికి వెతికి చూపించడం కూడా మాకు ఒక పరీక్షగా మారింది. విశ్వకర్మ పేరు చెక్కి ఉంది కనుక కుతుబ్ మినార్‌ని క్షమించాలా? ఆ పేరు లేకపోతే? 1948లో నౌషేరా కాపాడి ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965 యుద్ధంలో టాంకులకు ఎదురు నిలిచిన అబ్దుల్ హమీద్, రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలాం. మా గురించి మంచి చెప్పాలనుకున్న ప్రతివాడూ ఈ జాబితా చదువుతాడు. వాళ్ళంటే మాకూ గౌరవమే. కానీ నా కొడుకు ఆ జాబితాలో లేడు. వాడికి లెక్కలు రావు, క్రికెట్ పిచ్చి, పొద్దున లేవడు. ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1919 అఫ్గాన్ యుద్ధంలో బ్రిటిష్ సర్కారు కోసం చచ్చిపోయిన సిపాయిల పేర్లు. హిందువులు, సిక్కులు, ముస్లింలు అందరూ ఉన్నారు. ఒక 'ఖాన్' కనబడగానే 'మనోడే' అని ఎగిరాడు నా కొడుకు. ఆ పక్క పేరు కూడా మనోడిదేనని చెప్పాను. పౌరుడు కావడానికి పేరు గోడ మీదికి ఎక్కాల్సిన పనిలేదని కూడా చెప్పాను. చావు అర్హతగా ఉండే పౌరసత్వం ఎవరికి కావాలి?

సరే, పుట్టుకతో గొప్పా రాదు, సిగ్గూ రాదు. మరి ఈ కట్టడాలతో మనకు సంబంధమే లేదా? రాళ్ళేనా? కాదు. సంబంధం ఉంది, అది నెత్తుటి వల్ల రాదు. ఎట్లా వస్తుందో చెప్పడానికి రెండు చోట్ల సంగతులు చెబుతాను.

హుమాయూన్ సమాధి తోటలో పిల్లలు పరుగులు పెట్టారు. 1857 సెప్టెంబరులో ఆఖరి మొగల్ పాదుషా బహదూర్ షా జఫర్ పట్టుబడింది అక్కడే. 1858లో ఆయన్ని ఆయన కోటలోనే విచారించి రంగూన్ పంపారు. 1862లో అక్కడే పోయాడు. మళ్ళీ 1947లో, ఢిల్లీ గొడవల్లో ఇళ్ళు పోగొట్టుకున్న ముస్లింలు ఈ సమాధి ఆవరణలోనూ పురానా ఖిల్లాలోనూ శిబిరాల్లో తలదాచుకున్నారు. అక్కడినుంచే ఎందరో పాకిస్తాన్ దారి పట్టారు. ఇది చెప్పగానే అమ్మీ తోటనీ గుమ్మటాన్నీ చూడటం మానేసింది. 'అంతమందికి నీళ్ళెట్ల? పొయ్యిలు యాడ పెట్టుకున్నరు? చిన్న పిల్లలున్నోళ్ళు ఏం చేసిన్రు?' అని అడిగింది. 1948 సెప్టెంబరు నాటి భయాలు వాళ్ళ అమ్మ నోట విని పెరిగిన మనిషి. నాకు అప్పుడనిపించింది, ఇన్ని పుస్తకాలు చదివిన నాకంటే ఆ కట్టడాన్ని ఆమే సరిగ్గా చూసిందని. పాదుషా పడుకున్న గుమ్మటం పాదుషా మతంవాళ్ళకు ఒక బిందె నీళ్ళివ్వలేదు. రాజుల వైభవం ఆ రాజుల మతంలోని పేదవాడి ఆస్తి కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

రెండోది మెహ్రోలీ. కుతుబ్ మినార్ నుంచి నడిచి పోయేంత దూరంలో ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా ఉంది. 1947 గొడవల్లో ఆ దర్గా పాడైంది, దాన్ని కనిపెట్టుకుని ఉన్న ముస్లింలు వదిలి పారిపోయారు. 1948 జనవరి 13న గాంధీ ఢిల్లీలో నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడు అడిగినవాటిలో ఒకటి, ఆ దర్గాలో ఉరుసు ఎప్పటిలాగే జరగాలని, ముస్లింలు భయం లేకుండా అక్కడికి పోగలగాలని. పెద్దలు మాటిచ్చాక 18న దీక్ష విడిచాడు. 27న తానే ఆ ఉరుసుకు పోయాడు. మూడు రోజుల తర్వాత, 30న, ఆయన్ని కాల్చి చంపారు. గాంధీ ఆ దర్గాకు వారసుడు కాదు. దాన్ని కట్టినవాళ్ళతో ఆయనకు నెత్తుటి సంబంధం లేదు, మత సంబంధం లేదు. అయినా అది చెడిపోతే తన ఇల్లు చెడిపోయినట్టు కూర్చున్నాడు. నా దృష్టిలో సొంతదారు అంటే ఆయన. ఒక కట్టడం ఎవరిదంటే, కట్టినవాడి పేరు తనకున్నవాడిది కాదు. దాని నిజం మొత్తాన్ని చెప్పడానికి సిద్ధపడేవాడిది, దాని నీడన బతుకుతున్న మనుషులకు హాని జరిగితే అడ్డం నిలిచేవాడిది.

ఈ కొలత పెట్టుకుంటే మా పని మాకు తెలుస్తుంది, మీ పని మీకు తెలుస్తుంది. ఇరవై ఏడు గుళ్ళ సంగతి మా పిల్లలకు మేమే చెప్పాలి, ఇంకెవరో వెక్కిరింతగా చెప్పేదాకా ఆగకుండా. అక్కడ కొలుచుకునే మనుషులుండేవాళ్ళని, వాళ్ళకు ఏడుపొచ్చి ఉంటుందని చెప్పాలి. మీరు మీ పిల్లలకు 1992 డిసెంబరు 6 సంగతి చెప్పాలి. రెండింటికీ ఒక తేడా ఉంది. 12వ శతాబ్దంలో గడ్డపార పట్టినవాణ్ని ఇప్పుడు అడగలేం. 1992లో పట్టినవాళ్ళు మన కాలంవాళ్ళు, మన ఓటర్లు, మన పొరుగువాళ్ళు. పాత గాయానికి కొత్త గాయం మందు కాదన్న తెలివితోనే 1991లో ప్రార్థనా స్థలాల చట్టం చేశారు. అయోధ్యను మినహాయించి, 1947 ఆగస్టు 15 నాటికి ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నారు. అయినా 2022లో కుతుబ్ ఆవరణలో పూజలు జరగాలని కోర్టుకు పోతే, రక్షిత కట్టడంలో కొత్తగా పూజలు కుదరవని పురావస్తు శాఖే వాదించాల్సి వచ్చింది. ఇంకో పక్క 2023లో ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొగల్ దర్బారుల అధ్యాయాన్ని తీసేశారు. తీసేస్తే మంచీ పోతుంది, చెడూ పోతుంది. గైడు చెప్పే మాట ఒక్కటే మిగులుతుంది.

రాత్రి లాడ్జిలో నా కూతురికి ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పలేదు. 'వాళ్ళు అంటే మనం కాదు బేటా. ఆ గుంపులో ఉన్నవాళ్ళూ ఆ గుళ్ళలో ఉన్నవాళ్ళు కారు. కానీ అక్కడ ఏం జరిగిందో తెలుసుకోవాల్సినవాళ్ళు మనమే, వాళ్ళూ మనమూ కలిసి' అన్నాను. అది కాసేపు ఆలోచించి, 'మరి ఆ ఇనప స్తంభం కూడా మనదేనా?' అని అడిగింది. మసీదు నడుమ పదహారు వందల ఏళ్ళుగా తుప్పు తినేయకుండా నిలిచిన ఆ గుప్తుల కాలపు స్తంభం దానికి మినార్ కంటే నచ్చింది. మనదేనన్నాను. దానికి సందేహం రాలేదు.

కుతుబ్ మినార్ టికెట్ల దగ్గర రెండే ధరలున్నాయి. ఒకటి భారతీయులకు, ఒకటి విదేశీయులకు. మేం మొదటి ధర ఇచ్చాం. డబ్బు తీసుకునేచోట ఈ దేశం మమ్మల్ని సరిగ్గానే గుర్తుపట్టింది. గేటు దాటి లోపలికి పోయాక కూడా అదే గుర్తింపు ఉండాలని అడుగుతున్నాం. వారసులమని మాకు గౌరవం వద్దు, ముద్దాయిలమని శిక్షా వద్దు. మా పిల్ల బహిరంగంగా 'అబ్బా' అని పిలిచినప్పుడు ఎవరూ తల తిప్పి చూడకపోతే చాలు.